మౌనమునకు కట్టిన వెల



వాషర్‌మెన్‌పేటకు ఆ పేరు కుంఫిణీవారి బట్టలను ఉతికి చలువ చేసిన చాకలివారి వలన వచ్చినది. బట్టకు పట్టిన మరకను పదిమంది యెదుట బండమీద వేసి ఉతుకుటకు ఎవరును సిగ్గుపడరు. నడతకు పట్టిన మరకను మాత్రము మనుష్యుడు దాచుకొనును. ఆ దాచినదానిని చూచినవాడొకడు చెంతకు వచ్చి, “ఇంత యిమ్ము, లేకున్న బజారున పెట్టెదను” అనును. దీనినే లోకము బ్లాక్‌మెయిల్ అనుచున్నది.

ఈ పేటకు ఎంతో దూరము లేని వేపేరిలో 1944 నవంబరు 8వ తేదీన లక్ష్మీకాంతన్ అను పత్రికాధిపతిని కత్తితో పొడిచిరి. మరునాడు ఆస్పత్రిలో ఆతడు మరణించెను. పూర్వము ఫోర్జరీ నేరమునకు శిక్ష పడినవాడు. ‘సినిమా తూదు’, పిదప ‘హిందు నేశన్’ పత్రికలలో సినిమావారి గుట్టులు వ్రాసెడివాడు. వ్రాయకుండుటకు సొమ్ము తీసికొనెడివాడనియు ఆనాడు చెప్పుకొనిరి. హత్యకు కుట్ర చేసిరని త్యాగరాజ భాగవతార్‌కును, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌కును 1945లో యావజ్జీవ శిక్ష పడినది. అప్పటికి భాగవతార్ ‘హరిదాస్’ చిత్రము బ్రాడ్వే టాకీసులో ఆడుచునే యున్నది! ప్రీవీ కౌన్సిలు అప్పీలును మరల విచారింపుమనగా, 1947లో మద్రాసు హైకోర్టు వారిని నిర్దోషులని విడిచిపెట్టెను. చంపినవారెవరో నేటికిని తేలలేదు. భాగవతార్‌కు వెనుకటి వైభవము తిరిగి రాలేదు.

“ఉన్న సంగతి చెప్పెదననుట నేరమెట్లగును?” అని కొందరడుగుదురు. నిజము చెప్పుట నేరము కాదు, సొమ్మడుగుటయు నేరము కాదు. ఒకదానిని చూపి రెండవదానిని గుంజుటలో నేరమున్నది. వర్తకులకు ఇది తేలికగా తెలియును. సరకు అమ్మినవాడు సరకును అప్పగించవలెను. మౌనమును అమ్మినవాడు ఏమి అప్పగించును? గుట్టు వాని నోటనే యుండును. అదే సరకును వచ్చే నెల మరల అమ్మును. రసీదు లేదు, ఖాతా మూయుట లేదు.

1860 నాటి శిక్షాస్మృతి దేహమునకే గాక పరువునకు కలుగు హానిని కూడ హానిగానే యెంచి, అట్టి భయము పెట్టి సొమ్ము గుంజుటకు మూడేండ్ల వరకు ఖైదు విధించెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను దానిని ఏడేండ్లకు పెంచెను.

మన శాస్త్రము ఇంకను లోతునకు పోయినది. అస్తేయమనగా ఇవ్వనిదానిని తీసికొనకుండుట. భయముతో చేయి చాచినది ఇచ్చినట్లా? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో రహోభ్యాఖ్యానము, అనగా ఒకరి రహస్యమును వెల్లడించుట, ఒకటి. కూటలేఖక్రియ, అనగా దొంగ పత్రము వ్రాయుట, దాని ప్రక్కనే యున్నది. నిజమైన గుట్టును బయటపెట్టుటయు సత్యవ్రతమునకే మచ్చ యని గమనించుడు.

ఇది సినిమావారి గొడవ యని తోసివేయరాదు. వాటాలు పంచుకొను వేళ “రెండవ చిట్టా సంగతి పన్నులవారికి వ్రాసెదను” అను భాగస్వామి కలడు. పన్ను ఎగవేసినవానిని పట్టియిచ్చుట పౌరుని పని. పట్టియివ్వకుండుటకు వాటా అడుగుట చౌర్యము. సంబంధము కుదిరిన పిల్ల సంగతులేవో తెలుసునని నెమ్మదిగా సూచించి, అప్పు వాయిదా వేయించుకొను బంధువు కూడ ఆ కోవలోనివాడే. అతడు తన్ను నేరస్థుడనుకొనడు, అంతే.

నేడు దుకాణపు చిట్టాకన్న చేతి ఫోను ఎక్కువ గుట్టులు దాచుచున్నది. ఒక ఫొటో చూపి పిల్లలను బెదిరించువారున్నారు. ఆ పిల్ల పోలీసులయొద్దకు పోవలెనన్న మొదట తండ్రికి చెప్పవలెను. బెదిరించువాని బలమంతయు తండ్రి కోపములోనే యున్నది. ఆ కోపమునకు వెరచియే గొలుసులు కుదువ దుకాణమునకు పోవుచున్నవి.

ఆలోచన యను ఆచారము ఇట్టి భయమును తీర్చుటకు ఉపయోగపడును. చేసిన తప్పును గురువు యెదుట దాచక చెప్పుకొనుట, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తము చేయుట. చెప్పుకొన్నవాని యొద్ద కొనుటకు వచ్చినవానికి సరకే దొరకదు. సంవత్సరి నాడు నలుగురికిని ‘మిచ్ఛామి దుక్కడం’ పలికి ఇంటికి వచ్చిన తండ్రి, ఆ సాయంకాలము కుమార్తె ప్రక్కన కూర్చుండి, “నాతో చెప్పుటకు భయపడు సంగతి ఏదైన కలదా, అమ్మా?” అని అడిగి, ఆమె చెప్పునంతవరకు ఊరకుండవచ్చును.