పులియబెట్టు పాత్రకు ప్రమాణమేది?

యవలను మొలకెత్తించి, యెండించి, నలిపి, వేడినీట నాననిచ్చి తీపిరసమును దిగదీసి, దానిని చేదునిచ్చు హాప్సు పూవులతో కాచి చల్లార్చు వఱకును బీరు చేయుట మనుష్యుని పని. ఈస్టు చల్లి మూతవైచిన క్షణము మొదలు ఆ పని మఱియొకరిది. అటుపిమ్మట వారము పదిదినములు ఆ పాత్రలో సాగు పరిణామమునందు మనుష్యునకు చేయిడు నధికారము లేదు. ఇంట బీరు పులియబెట్టుకొనువారు తొలుత నడుగు "ఎంత పాత్ర కావలెను?" అను ప్రశ్నను అందుచేతనే నేను కేవలము బజారు ప్రశ్నగా నెంచజాలకున్నాను. తన చేతినుండి జారిపోనున్న కార్యమునకు మనుష్యుడు ముందుగా నేర్పఱుపగలిగిన హద్దు ఆ పాత్రయొక్కటే. కర్తృత్వమునకు ఎల్ల యెక్కడ యను వేదాంతవిచారమునకు ఆ ప్రశ్న మిక్కిలి చేరువనున్నది.

ఛత్తీస్‌గఢ్ నందలి బిలాసపురమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దినములలో శ్రీకాకుళ, విజయనగర, విశాఖ సీమలనుండి ఉద్యోగార్థమై తరలివచ్చి యిచ్చటి రైల్వే కాలనీలలో కాపురముండిన తెలుగువారు తరవాణి కుండ నెఱిగినవారు. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీలు అన్నమును రాత్రి నీట నాననిచ్చి యుదయమున ఉల్లిపాయతో తిను బోరే బాసి నెఱిగినవారు. రెండింటను పులుపు పుట్టించునది కంటికి గానరాని ప్రాణిలోకమే. తరవాణి కుండ యెంతయుండవలెనో ఏ గ్రంథమును చెప్పలేదు. చద్దియన్నమునకు ఎందఱు కూర్చుందురో ఎఱిగిన గృహిణియే చెప్పినది.

బీరునకు లోకమున రూఢమైన ఇంటి కొలత ఐదు అమెరికా గ్యాలన్లు, అనగా సుమారు 19 లీటర్లు. దానికి 25 లీటర్ల పాత్రను ఎన్నుకొందురు. ఆయుర్వేదమున ఆసవారిష్టములను, అనగా పులియబెట్టిన ఔషధములను, సంధించు వైద్యులు పాత్ర లోపల నేయి పూసి, కషాయమును, బెల్లమును, ఛత్తీస్‌గఢ్ అడవులలో సమృద్ధిగా పూయు ధాతకీ పుష్పములను చేర్చి, మూడు వంతులు మాత్రమే నింపి, నాల్గవ వంతు విడిచి, మూతిని మట్టిపూసిన గుడ్డతో బంధింతురు. 19కి 25 యన్నను ఇంచుమించు నాలుగింట మూడు వంతులే గదా! ఒకరి శాస్త్రమునొకరు చదువని యీ ఇరుదెగలవారును ఒకే నిష్పత్తిని చేరుట నన్ను ఆశ్చర్యమున ముంచినది. కారణము స్పష్టమే: పులియు రసము నురుగెత్తి పైకి లేచును, బొగ్గుపులుసు వాయువు పెల్లుబుకును, చోటు లేనిచో నురుగు వాయువు వెలికిపోవు గొట్టమున నడ్డుపడి, వాయువు లోపల బిగిసి, మూత యెగురును, గాజుపాత్రయైనచో పగులును. అయినను శూన్యమెంత హెచ్చిన నంత మేలని తలంపరాదు. పొంగు చల్లారిన పిమ్మట వాయువు పుట్టుట నిలిచిపోవును. అప్పుడు మిగిలిన విశాలమైన చోటున బయటిగాలి చేరి రసము రుచి చెడును. కావున చోటు విడుచుటయు కొలిచి విడువవలసినదే. త్యాగమునకును మితి యుండుననుటకు నాకింతకన్న నిస్సందేహమైన నిదర్శనము దొరకలేదు.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున ప్రతికర్మకును ఐదు హేతువులు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. శంకరులు అధిష్ఠానమును శరీరమని వ్యాఖ్యానించిరి. ఈ కార్యమునందు పాత్రయే శరీరస్థానీయమని నాకు తోచును. కర్త యైదింటిలో నొకడు మాత్రమే యని తెలియక, తానొక్కడే చేసితినని తలంచువాడు సరిగా చూచుట లేదని గీత పలుకుచున్నది. పాత్రలో పని చేయు ఆ రెండవవారెవరో శాస్త్రజ్ఞులు పిమ్మట తేల్చిరి: పులియుట కేవలము నిర్జీవ రాసాయనిక విచ్ఛిత్తి యని రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ వాదించుచుండగా, అది ప్రాణివ్యాపారమని శాస్త్రజ్ఞుడు పాస్టర్ 1857 మొదలు నిరూపింపజొచ్చెను. 1883లో కోపెన్‌హాగెనునందలి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక్క ఈస్టు కణమునుండి శుద్ధసంతతిని పెంపజేసెను. దీనితో దైవమునకు తావు తప్పినదని కొందఱందురు. నాకట్లు తోపదు. ఎవరు చేయుచున్నారో తెలిసినంత మాత్రమున ఆ పని మనదగునా?

ఇచట నొక యాక్షేపము కలదు; దానిని దాటవేయుట న్యాయము కాదు. సురాపానమును మనువు మహాపాతకములలో చేర్చెను. అట్టి వస్తువునకు పాత్రను వెదకుటలో ధర్మవిచారమేమి యని యడుగవచ్చును. కాని వైదికమైన సౌత్రామణీ యాగమున సురయే ఆహుతి. జశ్‌పూర్, సర్గుజా ప్రాంతముల ఉరావ్ గిరిజనులు అన్నమున రాను అను పులియజేయు బిళ్లలు కలిపి మట్టికుండలో పులియబెట్టు హండియాను తమ పితరులకు సమర్పించి కాని త్రావరు. మడి తప్పని యింటిలో వృద్ధులు భోజనానంతరము సేవించు ద్రాక్షారిష్టమునందును బీరులోనంతటి మద్యసారము, ఒక్కొకప్పుడు హెచ్చుగాను, ఉండును. దానిని ఔషధముగా నిలుపునది ద్రవ్యభేదము కాదు, చెంచా కొలత. రాజ్యములును దీనినే గుర్తించినవి: ఛత్తీస్‌గఢ్ చట్టము గిరిజనులకు గృహావసరమునకు పరిమితముగా కాచుకొను హక్కు నిచ్చి, తదితరులకు లైసెన్సు లేనిదే కూడదన్నది, అమెరికా 1978 నాటి చట్టముచే ఇద్దఱు పెద్దలున్న ఇంటికి ఏటికి 200 గ్యాలన్లు అనుమతించినది. చట్టముల కొలతలు బయటినుండి వచ్చినవి, అవి అవసరమే; నేను వెదకునది పాత్రను ఎన్నుకొనువాని లోపలి కొలత.

దానికి ప్రకృతి కొంత సాయపడుచున్నది. పాత్ర యెత్తును వెడల్పును రెట్టించినచో లోని రసము ఎనిమిది రెట్లగును, వేడిని వెలికి విడుచు పైతలము నాలుగు రెట్లే యగును. పులియునపుడు ఈస్టు తానే వేడి పుట్టించును గాన, పెద్దపాత్ర తన వేడిని తాను చల్లార్చుకొనజాలదు. ఎండ 45 డిగ్రీలకు ఎగబ్రాకు బిలాసపుర గ్రీష్మమున, 18 మొదలు 22 డిగ్రీల చల్లదనము కోరు రసమును నిలుపుట చిన్నపాత్రకును కష్టమే. కాని దానిని తడిగుడ్డ చుట్టి నీళ్లతొట్టిలో నిలుపవచ్చును, చెడినచో నష్టము స్వల్పము. పెద్దదానిని చల్లార్చుటకు యంత్రము కావలెను, యంత్రమునకు వ్యయము, వ్యయము పూడ్చుటకు విక్రయము. విక్రయము వచ్చిన పిదప అది యింటిపని కాదు. అక్కఱకు మించి కూడబెట్టకుండుట యను అపరిగ్రహమును పతంజలి యమములలో చేర్చుట సన్న్యాసులకొఱకే యని నేను నమ్మను.

కావున చట్టసమ్మతి గలచోట, నలుగురు కూర్చుండు ఇంటికి నాలుగు లీటర్ల రసము, ఐదున్నర లీటర్ల పాత్ర నా నిర్ణయము. ఇరువదియైదు లీటర్లది కొనగోరువాడు, అది నిండిననాడు తన గుమ్మమున ఎవరెవరు కూర్చుందురో ముందు పేర్లతో చెప్పవలెను.