అడగకుండా రాసుకున్నది

మన ఇళ్ళల్లో క్యాన్సర్ వచ్చిన మనిషికి ఆ మాట అందరికన్నా చివర చెప్తారు. ఒక్కోసారి చెప్పనే చెప్పరు. ‘గడ్డ’ అంటారు, ‘పుండు’ అంటారు, మందులు వాడితే తగ్గిపోతుందంటారు. రిపోర్టు కొడుకు చేతికో అల్లుడి చేతికో వెళ్తుంది. అదే ఆసుపత్రిలో ఇంకో గదిలో, ఆమెను ఎన్నడూ చూడని ఒక ఉద్యోగి కేస్‌షీటు ముందేసుకుని పేరు, వయసు, ఊరు, జబ్బు పుట్టిన చోటు, కణాల రకం, ముదిరిన దశ, ఇచ్చిన చికిత్స వరసగా ఎక్కించుకుంటూ ఉంటాడు. రొమ్ము క్యాన్సరైతే సి50 అని కోడ్ వేస్తాడు. తన ఒంటి గురించి తనకు తెలియని నిజం, తానెరగని ఒక రిజిస్టరుకు తెలుసు. ఇది న్యాయమేనా?

ఈ లెక్కలు కొత్తవి కావు. బొంబాయిలో క్యాన్సర్ రిజిస్ట్రీ 1963లోనే మొదలైంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1981లో చేపట్టింది. రిజిస్ట్రీలు రెండు రకాలు. ఒక ప్రాంతంలో ఉండేవాళ్ళలో ఎందరికి క్యాన్సర్ వచ్చిందో చెప్పేది ఒకటి. ఒక ఆసుపత్రికి వచ్చినవాళ్ళ గురించి మాత్రమే చెప్పేది రెండోది. ఈ రెండోదాన్ని చూసి, లక్షమందిలో ఇంతమందికి జబ్బుందని చెప్పలేం. ఆ ఆసుపత్రికి ఏ ఊళ్ళనుంచైనా వస్తారు కదా. కానీ ఏ దశలో వస్తున్నారు, వచ్చాక ఏ వైద్యం అందింది అన్నది చెప్పగలిగేది అదే.

మన దగ్గర వివరాలు చాలావరకు వాటంతటవి నడిచి రావు. రిజిస్ట్రీ సిబ్బందే ఆసుపత్రులకూ, ల్యాబులకూ, మరణాలు నమోదు చేసే ఆఫీసులకూ తిరిగి ఏరుకొస్తారు. ఒకే మనిషి మూడు ఆసుపత్రులు తిరుగుతుంది. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండా, ఇంకోచోట బంధువుల చిరునామాతో రాయించుకుంటుంది. ఆమెను ముగ్గురిగా లెక్కపెట్టకూడదంటే పేరు కావాలి, ఊరు కావాలి. అచ్చయ్యే నివేదికలో ఏ పేరూ ఉండదు. కానీ ఆ పేరులేని అంకె సరిగ్గా రావాలంటే మొదట్లో పేరు తప్పదు. చిక్కంతా ఇక్కడే.

అనుమతి అడిగితే సరిపోదా అంటారు. అడగాలంటే ముందు జబ్బు పేరు చెప్పాలి. చెప్పొద్దని ఇంట్లోవాళ్ళు డాక్టరు చేతులు పట్టుకుని ఉంటారు. పైగా అడిగితే సరేననేవాళ్ళు ఎవరు? చదువుకున్నవాళ్ళు, ధైర్యం ఉన్నవాళ్ళు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు, ఏమీ తెలియనివాళ్ళు జారిపోతారు. ఎవరి కోసం లెక్క అవసరమో వాళ్ళే లెక్కలో లేకుండా పోతారు. ఇంగ్లండులో ముందస్తు అనుమతి లేకుండానే నమోదు చేస్తారు. వద్దనుకున్న రోగి తన వివరాలు తీసేయమనొచ్చు. బాగుంది. కానీ వద్దనాలన్నా ముందు తెలియాలి కదా.

లెక్కపెట్టకపోవడమూ అన్యాయమే. 1984 గ్యాస్ ప్రమాదం తర్వాత భోపాల్లో క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. గాలి సోకిన బస్తీలకూ సోకని బస్తీలకూ తేడా ఉందా అన్నది ఎవరి నోటిమాటతోనూ తేలదు. ఏళ్ళ తరబడి, ఒక్కొక్కరినీ రాసుకుంటూ పోవాలి. రాయని బాధకు కోర్టులోనూ బడ్జెట్‌లోనూ సాక్ష్యం ఉండదు.

మా మేనత్తకు రెండు నెలలు దాచారు. ఆవిడ మాత్రం మొదటిరోజే కనిపెట్టేసింది. “వార్డు బయట అంత బోర్డు పెట్టారు, నాకు చదవడం రాదనుకున్నార్రా?” అంది తర్వాత. ఒకసారి మాటల్లో ఈ రిజిస్టర్ల సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, “నన్ను చూసి ఇంకోళ్ళు ముందే మేలుకుంటారంటే రాసుకోనీ. కానీ రాసుకున్నాక మళ్ళీ ఎవరూ రారా, ఎట్టా ఉన్నావని అడగటానికి?” అంది.

అనుమతి గురించి నేను చదివినదానికన్నా ఈ ప్రశ్న పెద్దదనిపించింది. ఆసుపత్రి రిజిస్ట్రీకి ఉన్న పెద్ద లోపమూ ఇదే. చికిత్స మధ్యలో ఆగిపోయినవాళ్ళు, బస్సు ఛార్జీకి డబ్బుల్లేక రానివాళ్ళు, ఇంటిదగ్గరే పోయినవాళ్ళు, బాగై పొలం పనిలో పడినవాళ్ళు, అందరూ కాగితం మీద ఒకటే: ఆ తర్వాత ఏమైందో తెలియదు. వాళ్ళ సంగతి తెలియకపోతే ఏ వైద్యంతో ఎందరు ఎన్నేళ్ళు బతికారన్న లెక్క నమ్మదగ్గది కాదు. అంటే ఫోన్ చేసి “ఎలా ఉన్నారమ్మా” అని అడగడం మర్యాద మాత్రమే కాదు, లెక్కకూ అవసరమే.

అడగకుండా తీసుకోవడం తప్పనిసరి అయితే కావచ్చు. అప్పుడది అప్పు అవుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఒక ప్రాంతం ఆడవాళ్ళు ముదిరాకే వస్తున్నారని రిజిస్టరు చెప్తే, అక్కడి ఆరోగ్య కేంద్రంలో పరీక్ష మొదలవ్వాలి. ‘మీ వివరాలు పేరు బయటపెట్టకుండా ఇందుకు వాడతాం’ అని ఓపీ గోడమీద తెలుగులో ఒక బోర్డు ఉండాలి. రాసుకున్న మనిషి మళ్ళీ రాకపోతే ఎవరో ఒకరు వెతకాలి. ఈ మూడూ జరగనిచోట, అడగకుండా రాసుకునే హక్కు ఆ రిజిస్టరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు కనిపించదు.