మెడ యొకరిది, మొండెము మరియొకరిది

(ఆదికాండము 27వ అధ్యాయము, 22వ వచనము చదువుకొనుడి.)



చూపు మందగించిన ఇస్సాకు తన కుమారుని దగ్గరకు పిలిచి తడవి చూచిన సంగతి మీరెరిగినదే. చేతులకు తగిలినది ఒకని రోమము, చెవికి తగిలినది మరియొకని గొంతు. ముసలివాడు సందేహించెను గాని, చివరకు చేతులనే నమ్మెను. ఈ భాగముమీద నేను అనేకమారులు ప్రసంగించితిని. అయితే ఈ సంవత్సరము ఒక గిటారు మూలముగా అది నా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండునని నేననుకొనలేదు.

మా పల్లె పెనుకొండకును హిందూపురమునకును నడుమ ఉన్నది. మా సంఘములోని యువకుడొకడు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కార్ల కర్మాగారములో షిఫ్టు పని చేయుచున్నాడు. అతని పెదనాన్న ధర్మవరములో మగ్గము నేయువాడు. ఈ పిల్లవాడు రెండేండ్లు కష్టపడి ఒక ఎలక్ట్రిక్ గిటారు కూర్చుకొనెను. కొనలేదు, కూర్చుకొనెను. దాని మెడ బెంగుళూరులో పాతసామానుల అంగడిలో దొరికినది; అమెరికా దేశపు పేరుమోసిన కంపెనీది, నిజమైనదే; దాని మొదటి మొండెము ఎక్కడ పగిలిపోయినదో ఎవరికి తెలియదు. ఇప్పటి మొండెమును హిందూపురములో ఒక వడ్రంగి, కూలగొట్టిన పాత యింటి టేకు తలుపునుండి కోసి యిచ్చెను. తీగెలను మోయు గుర్రము కలకత్తాలో చేసిన వేరొక గిటారుది. పికప్పులు పోస్టులో వచ్చినవి. టంకము పెట్టి వైర్లు అతికినది తానే.

ఇటువంటి గిటారు ఇట్లు విడదీసి కూర్చుటకు వీలగుట యాదృచ్ఛికము కాదు. 1950 ప్రాంతమున కాలిఫోర్నియాలో లియో ఫెండరు అను రేడియోలు బాగుచేయువాడు, మెడను మొండెమునకు జిగురుతో అతికించుట మాని నాలుగు స్క్రూలతో బిగించు పద్ధతిని కర్మాగారములో స్థిరపరచెను. మెడ వంగినయెడల విప్పి వేరొకటి వేయవచ్చును. వడ్రంగి నేర్పు తెలియనివాడును స్క్రూడ్రైవరుతో ఆ పని చేయగలడు. ఇక ధ్వని సంగతి: ఉక్కు తీగె క్రింద అయస్కాంతము, దానిచుట్టు వెంట్రుకవంటి రాగితీగె వేలకొలది చుట్లు. తీగె కదలినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన నియమమే ఇది. కనుక వీణకు కుండ ఎంత ముఖ్యమో దీనికి మొండెము అంత ముఖ్యము కాదు, తలుపుచెక్కయైనను పలుకును.

అయితే మొదట అది సరిగా పలుకలేదు. వట్టి తీగెలు మీటినప్పుడు శృతి చక్కగానే యుండెను. వ్రేళ్లు క్రిందికి దిగినకొలది శృతి హెచ్చుచు, పండ్రెండవ మెట్టు దగ్గర వినువారి పండ్లు పులిసెను. కారణము అతడే కనుగొనెను. ఆ మెడమీది మెట్లన్నియు 25½ అంగుళముల తీగెకు లెక్కకట్టి నాటినవి. పండ్రెండవ మెట్టు ఆ తీగెకు సరిగా సగములో ఉండవలెను. వడ్రంగి కంటికొలతతో గుర్రమును కొంచెము ముందుకు బిగించెను. కాలి అంగుళమునకు మించి తప్పు లేదు. ఆ కాలి అంగుళము పాట యంతటిని పాడుచేసెను. బెజ్జములను చెక్కముక్కలతో పూడ్చి, మరల కొలిచి బిగించిరి. భాగములు ఎక్కడినుండి వచ్చినను ఫరవాలేదు గాని, అన్నియు ఒకే కొలతకు లోబడవలెనని నాకు ఆ దినమున తెలిసినది. సౌలు కవచము మంచిదే, దావీదు మంచివాడే; కాని కొలత కుదరలేదు.

ఆ గిటారును ఆదివారము గుడికి తెచ్చినప్పుడు సంఘపెద్దలలో ఒకాయన లేచి, లేవీయకాండము 19:19 చూపి, రెండు విధముల నూలు కలిపిన బట్ట కూడదని దేవుడు సెలవిచ్చియుండగా ఇన్ని విధముల ముక్కలు కలిపిన వాద్యము ఆరాధనలో ఏల అని అడిగెను. ఆ దినము ధర్మవరమునుండి పిల్లవాని పెదనాన్న వచ్చియుండెను. ఆయన మెల్లగా, "అన్నా, మా పట్టుచీర సంగతేంది? గూళ్లు హిందూపురం మార్కెట్లో కొంటారు, జరీ సూరత్ నుంచి వస్తాది, మగ్గం ధర్మవరంలో. దాన్ని కట్టుకోనే కదా వదిన గుడికొచ్చింది?" అనెను. అందరు నవ్విరి. పెద్దాయనయు నవ్వెను, కాని ఒప్పుకొనలేదు. మనకు హార్మోనియము చాలునని ఆయన మాట.

హార్మోనియము చరిత్ర ఆయనకు నేను తరువాత చెప్పితిని. అది 1842లో పారిసులో డెబేయిను అనువాడు పేటెంటు పొందిన వాద్యము, కాళ్లతో త్రొక్కునది. మిషనరీలతోకూడ మన దేశమునకు వచ్చినది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోషు దానికి కాళ్లు తీసివేసి, నేలమీద కూర్చుండి ఒక చేతితో గాలికొట్టి మరొక చేతితో వాయించునట్లు చేసెను. మన సంగీతమునకు ఇది పనికిరాదని 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించి అనేక సంవత్సరములు లోనికి రానీయలేదు. అట్టి పెట్టెతోనే మనము పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడుచున్నాము. ఎవరికిని అన్యముగా తోచలేదు. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుచుదురు, దానికున్న గౌరవము దానిదే. అయినను దాని మెట్లు లోహము, వాటిని నిలుపునది మైనము, తీగెలు ఇంకొక చోటివి. పూర్తిగా ఒక్కటియైన వాద్యమును నేను చూడలేదు.

ఇంతటితో ప్రశ్న ముగిసినదనుకొంటిని. అసలు ప్రశ్న అప్పటికింకను రాలేదు.

ఒక శనివారము సాయంకాలము ఆ పిల్లవాడు మా అరుగుమీద కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. బెంగుళూరు వాడొకడు ఆ గిటారు ఫొటో చూచి 60,000 రూపాయలిత్తుననెనట. ఇతనికైన ఖర్చు 22,000. చెల్లెలు నర్సింగు చదువుచున్నది, ఫీజు గడువు దగ్గరపడినది. కొనువాడు చూచినదేమి? మెడ కొననున్న తల, దానిమీద కంపెనీ పేరు.

"అయ్యగారూ, నేను ఒక్క అబద్ధం గూడా చెప్పలేదు. ఆ పేరు నేను రాసింది కాదు, కంపెనీవాళ్లే రాసినారు. మెడ వాళ్లదే. ఆయప్ప అడిగితే అంతా చెప్తా. అడగకపోతే?"

చదువరులారా, ఇది చిన్న ప్రశ్న కాదు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. దానికి కారణము తరువాత చెప్పెదను.

సెమినరీలో మాకు గ్రీకుల తత్త్వశాస్త్రము కొంచెము చెప్పిరి. థేసియసు ఓడ అను ప్రశ్న ప్లూటార్కు వ్రాసినది: పుచ్చిన పలకను తీసి క్రొత్తది వేయుచు, ఒక్క పాత పలకయు మిగులనప్పుడు అది ఆ ఓడయేనా కాదా? పండితులకు ఇది మంచి కాలక్షేపము. ఆ పిల్లవాని గిటారును గూర్చి నేనును అట్లే ఆలోచించితిని: ఇది ఒక వస్తువా, నాలుగు వస్తువులా? ఆలోచించినకొలది ఆ దారి నన్నెక్కడికిని తీసికొనిపోలేదు. శృతి కుదిరిన దినముననే అది ఒక్కటైనది. అడుగవలసినది అది ఒక్కటియా కాదా యని కాదు. ఎవరి పేరున ఒక్కటియని.

ఆ పిల్లవాడు పనిచేయు కర్మాగారమునే చూడుడి. 2019లో అక్కడ కార్లు తయారగుట మొదలైనది. గాజు ఒకచోటిది, టైరు ఒకచోటిది, వైర్లు ఇంకొక చోటివి. కారుమీద పేరు ఒక్కటే. ఆ పేరు అబద్ధమని ఎవరైన అందురా? అనరు. ఎందుకనగా ఆ పేరుగలవారు ప్రతి భాగమునకు పూచీ పడుచున్నారు. బ్రేకు పనిచేయకపోయినయెడల కొన్నవాడు టైరువానిని వెదకుకొనుచు పోడు. పేరు అనగా ఈ వస్తువునుగూర్చి ఎవరు జవాబు చెప్పుదురో తెలియజేయు మాట. ఈ గిటారు తలమీది పేరుగలవారు హిందూపురము వడ్రంగి కోసిన తలుపుచెక్కకు జవాబు చెప్పరు. వారికి ఆ తలుపు సంగతియే తెలియదు. కాబట్టి ఆ అక్షరములు మెడ విషయములో నిజమే పలుకుచు, మొండెము విషయములో ఎవరును ఇయ్యని మాటను ఇచ్చుచున్నవి.

కలగూరగా కూర్చిన గిటారుకు వెల రాదని కాదు. ఎరిక్ క్లాప్టను అను ఆంగ్లేయుడు 1970లో అమెరికాలోని నాష్‌విల్లులో పాత స్ట్రాటోకాస్టరు గిటార్లు కొన్ని కొని, మూడింటిలోని మంచి భాగములు విప్పి ఒకటిగా బిగించుకొనెను. దానికి "బ్లాకీ" అని పేరు. 2004లో న్యూయార్కులో వేలము వేయగా అది 9,59,500 డాలర్లు పలికినది. ఆ సొమ్ము త్రాగుడుకు మత్తుమందులకు లోబడినవారికి చికిత్స చేయు స్థలమునకు పోయినది. కొన్నవానికి అది మూడు గిటార్ల ముక్కలని తెలియును. తెలిసియే ఇచ్చెను. ఇంగ్లాండులోనే బ్రయన్ మే అను బాలుడు 1963లో తండ్రితోకూడ మొదలుపెట్టి, పాత పొయ్యిమీది చెక్కతోను మోటారుసైకిలు స్ప్రింగులతోను గిటారు చేసికొని, జీవితమంతయు దానినే వాయించెను. ఎవరి పేరును అరువు తెచ్చుకొనలేదు.

ఇంత దూరమేల? మన సంఘమే అతుకుల సంఘము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు కూడి ఒకటైరి. మన రాయలసీమలో లండను మిషనువారు నాటిన సంఘములు అందులో చేరినవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు చాలకాలము వెలుపలనే యుండెను. అప్పుడు ఏ భాగమైనను తన పేరును మొత్తముమీద వ్రాసికొనలేదు. దక్షిణ ఇండియా సంఘమని అందరు కలిసి క్రొత్త పేరు పెట్టుకొనిరి. కాలి అంగుళము తేడాలు మనలో ఇంకను ఉన్నవనుకొనుడి, అది వేరు సంగతి.

అననీయ సంగతియు (అపొ. కార్య. 5) నాకు అప్పుడు క్రొత్తగా కనబడినది. పొలము అతనిది, అమ్మిన తరువాత సొమ్మును అతనిదేనని పేతురు స్పష్టముగా చెప్పెను. కొంత ఉంచుకొనుట తప్పు కాదు. తెచ్చినదానిలో ప్రతి రూపాయియు మంచి రూపాయియే. భాగమును తెచ్చి మొత్తము పేరు పెట్టుటయే తప్పు.

అయితే కొనువానికి కండ్లు లేవా? అతడు మాత్రము నీతిమంతుడా? కొనునప్పుడు వస్తువును తక్కువచేసి మాటలాడి, కొన్న తరువాత మురిసిపోవువాని సంగతి సామెతలు 20:14లో ఉన్నది. ఈ వాదనను నేను తేలికగా త్రోసివేయను. సంతలో ఎద్దును అమ్మువాడు దాని ప్రతి లోపమును చాటింపవలెనా? పండ్లు పట్టి చూచు పని కొనువానిదే. కాని ఎద్దు పండ్లు కంటికి కనబడును. ఇక్కడ కొనువాడు చూచునది పేరునే, ఆ పేరే అతని కంటికి గంత కట్టుచున్నది. అడుగవలెనను తలంపు అతనికి రాకుండ చేయుచున్నది అదే. అట్టిచోట మౌనము మౌనము కాదు. యాకోబు చేతులకు కట్టుకొనిన మేకపిల్లల తోలు కూడ ఒక్క మాటయు పలుకలేదు.

ఇక నేను వెంటనే జవాబు చెప్పలేకపోయిన కారణము. పదిహేనేండ్ల క్రిందట నాకు ఒక పాత స్కూటరు ఉండెను. దాని ఇంజను చెడిపోగా ఇంకొక బండిది వేయించితిని, అదియు అంతంతమాత్రమే. మరుసటి సంవత్సరము దానిని తోటి ఉపదేశకునికి అమ్మితిని. ఆయన బండిచుట్టు తిరిగి, "మీ బండే కదయ్యా, ఇంకేం చూసేది" అని సొమ్ము చేతిలో పెట్టెను. ఆయన అడుగలేదు, నేను చెప్పలేదు. నాలుగు నెలలకు ఆ ఇంజను దారిలో పట్టివేసినదని వింటిని. ఆయన నమ్మినది బండిమీది కంపెనీ పేరును కాదు, నా పేరును. ఆ సంగతి నేను ఎవరికిని చెప్పలేదు. ఆ శనివారము సాయంకాలము ఆ పిల్లవానికి చెప్పితిని. అతడు తల వంచుకొని వినెను. "నువ్వు చెప్పు" అని నేను అతనికి ఆజ్ఞాపింపలేదు. ఆ నోరు నాకు లేకపోయెను.

అతడు ఇంటికి పోయి ఒక కాగితముమీద మెడ ఎక్కడిది, చెక్క ఎవరు కోసినది, గుర్రము దేనిది, పికప్పులు ఎప్పుడు వేసినది వ్రాసి, క్రింద తన సంతకము పెట్టి, మొండెము వెనుక రేకు లోపల అంటించెను. బెంగుళూరు వాడు వచ్చినప్పుడు ముందు ఆ రేకు విప్పి చూపెను. అతడు చదివి, కొంచెము సేపు ఊరకుండి, వాయించి చూపుమనెను. విని, 30,000 అయితే ఆలోచింతునని చెప్పి పోయెను. ఫీజులో మొదటి భాగము మాత్రము పెదనాన్న సర్దినాడు. గిటారు ఇంకను ఇక్కడనే యున్నది. గత ఆదివారము పెనుకొండలో కూడికకు తీసికొనిపోతిమి. ట్యూబులైటు దగ్గర పెట్టినందున ప్రార్థన సమయమంతయు తుమ్మెదవలె ఝుమ్మని మ్రోగినది. పెద్దాయన నావైపు చూచెను.

స్కూటరు కొన్న ఉపదేశకుడు ఇప్పుడు ధర్మవరములో కొడుకు దగ్గర ఉన్నాడని విచారించి తెలిసికొంటిని. సోమవారము ప్యాసింజరుకు పోవలెననుకొనుచున్నాను.