మాత్ర మింగితే విశ్వాసం పోతుందా?

సందేహం:

మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. పొలం కౌలుకు తీసుకుని పత్తి వేస్తే గులాబీ పురుగు తినేసింది. అప్పు తీర్చాలని పిల్లల్ని అత్తమ్మ దగ్గర వదిలి గుంటూరు వైపు మిరప కోతకు సుగ్గికి (వలస పనికి) పోయాం. తిరిగొచ్చినప్పటి నుంచి మా ఆయన మునుపటి మనిషి కాడు. రాత్రి మూడింటికే లేచి గోడకానుకుని కూర్చుంటాడు. అన్నం కలిపి వదిలేస్తాడు. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించే మనిషి ఇప్పుడు చర్చికే రానంటున్నాడు. "నేను లేకుంటే మీరైనా బాగుంటారు" అని రెండుసార్లు అన్నాడు. ఆదోనిలో డాక్టరు ఇది డిప్రెషన్ అని మాత్రలు రాశాడు. పది రోజులు వాడినా మార్పు లేదు. ప్రార్థన మీద నమ్మకం లేకనే మాత్రలు మింగుతున్నాడని మా ఆడబిడ్డ అంటోంది. ఉపవాస కూడికలో ఒకాయన, దాచిన పాపం ఏదో ఉంది, ఒప్పుకోమన్నాడు. ఏం పాపం చేశానా అని మా ఆయన ఇంకా కుమిలిపోతున్నాడు. ఇది పాపమా, దయ్యమా, జబ్బా? మాత్రలు మానేయాలా?

— ఒక సహోదరి, ఎమ్మిగనూరు మండలం

సమాధానం:

సహోదరీ, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మాత్రలు మానొద్దు. ఈ మందులు పని మొదలుపెట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకు మార్పు కనబడలేదని మందు చెడ్డదనీ, దేవుడు వినలేదనీ అనుకోవద్దు. ఉన్నట్టుండి ఆపితే మనిషి ఇంకా కుంగిపోవచ్చు. పెంచాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

ఇక ఇది పాపమా అన్న మాట. పంట పోతే ఏడుపు రావడం, పిల్లలకు దూరమైతే గుండె బరువెక్కడం పాపం కాదు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువే కన్నీరు పెట్టుకున్నాడు. అయితే దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు. దుఃఖం వచ్చిపోతూ ఉంటుంది, నడుమ నాలుగు మాటలు, ఓ ముద్ద అన్నం సాగుతాయి. రెండు వారాలు దాటినా రోజూ అదే దిగులు, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, తాను పనికిరానివాణ్ననిపించడం, చావు గురించి ఆలోచన, వీటిలో చాలావరకు కూడితే అది జబ్బు. మీ ఉత్తరంలో ఉన్నవి ఆ గుర్తులే. జ్వరం వచ్చినవాణ్ని ఏం పాపం చేశావని అడగం గదా, ఈయన్నీ అడగకూడదు. చేయని తప్పును వెతుక్కోమనడం ఆ రోగికి మరింత హాని.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయాడు. తోడున్న పనివాణ్ని బెయేర్షెబాలో విడిచిపెట్టి ఒంటరిగా అరణ్యంలోకి పోయి, బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. విశ్వాసం లేనివాడా ఆయన? మరి దేవుడేం చేశాడో చూడండి. గద్దించలేదు. పాపం ఒప్పుకోమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినిపించాడు, ప్రయాణం నీ శక్తికి మించిందన్నాడు. హోరేబు కొండ దగ్గర ఏలీయా తన గోడు వెళ్లబోసుకున్నాడు, కాసేపటికి అదే గోడు మాట పొల్లుపోకుండా మళ్లీ చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. ఆ తర్వాతే, నువ్వొక్కడివే కాదు, నాకింకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పి ఎలీషాను తోడిచ్చాడు. ఆ ఎలీషా పొలం దున్నుతుండగా పిలుపందుకున్న రైతు.

నిద్ర, తిండి, వినే చెవి, తోడు. దేవుడు పెట్టిన ఈ వరసను మనం తలకిందులు చేసి మొదటే ఉపదేశం మొదలుపెడుతున్నాం.

మందు గురించి కూడా వాక్యం స్పష్టంగానే ఉంది. జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు విన్నాడు, ఆయుష్షు పెంచాడు. అదే సమయంలో యెషయా ప్రవక్త రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు, కొలొస్సయులకు రాసిన పత్రికలో ఆ మాటే ఉంది. మన రాయలసీమకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వాళ్లు జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి కూడా కట్టారు. ప్రార్థన ఒక చేత్తో, మందు ఇంకో చేత్తో పట్టుకోవడం మన సంఘాలకు కొత్త కాదు.

దయ్యమేమోనన్న భయమూ వద్దు. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ జీవితాంతం ఈ కుంగుబాటుతో పోరాడాడు. 1856లో ఆయన ప్రసంగిస్తున్న సభలో ఎవరో నిప్పని కేకవేస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఆ దెబ్బ నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. తర్వాతి కాలంలో తన దగ్గర చదువుకునే బోధకులకు, దేవుని సేవకులకూ ఈ చీకటి తప్పదని విడమరిచి చెప్పాడు. ఆయన్ని దయ్యం పట్టినవాడని ఏ సంఘమూ అనదు.

మీ ఆయన ప్రార్థన చేయలేకపోతే బలవంతం చేయకండి. 88వ కీర్తన పక్కన కూర్చుని చదివి వినిపించండి. అది చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది. అయినా బైబిల్లో దానికి చోటుంది. దేవుని ముందు మొరపెట్టుకునేవాడు ఆయన్ని విడిచినవాడు కాదు.

ఇప్పుడు అన్నిటికంటే అవసరమైన మాట. "నేను లేకుంటే" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ, చాలామందికి చెప్పుకున్నాక బరువు తగ్గుతుంది. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయిదాటుతోందనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోండి. మానసిక వైద్య విభాగం కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఉంది. కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కాపరులకు, పెద్దలకు ఒక మనవి. గెత్సేమనే తోటలో ప్రభువే తన ముగ్గురు శిష్యుల్ని తోడుండమని బతిమాలాడు, వాళ్లు నిద్రపోయారు. మీరు నిద్రపోకండి. మీ సంఘంలో ఏ కుటుంబం సుగ్గి నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిందో, ఏ ఇంట్లో మనిషి మాట మానేశాడో తెలుసుకోండి. తైలం రాసి ప్రార్థించండి. తర్వాత అతని వెంట డాక్టరు దగ్గరికి మీలో ఒకరు వెళ్లండి, అప్పులవాడితో మాట్లాడేటప్పుడు పక్కన నిలబడండి. ఒకరి భారం ఒకరు మోయమని క్రీస్తు సంఘానికిచ్చిన ఆజ్ఞ ఇదే.

సహోదరీ, మీ ఆయనకు విశ్వాసం పోలేదు, జబ్బు చేసింది. ఇది నయమయ్యే జబ్బు.