న్యాయమైన ధర, సన్యాసుల బీరు

క్రాఫ్ట్ బీరుకు ఎంత పెట్టవచ్చు అన్న ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. అమ్మేవాడు ఎంత అడిగితే న్యాయం అన్నది ఒకటి, కొనేవాడు ఎంత ఇస్తే వివేకం అన్నది ఇంకొకటి. మొదటిదాని మీద ఐరోపా క్రైస్తవ పండితులు మధ్యయుగాల నుంచి ‘న్యాయమైన ధర’ పేరుతో తెగని చర్చ చేశారు. రెండోదాన్ని అంతకుముందే అరిస్టాటిల్ ధనం ఖర్చు చేయడంలోని సద్గుణంగా విచారించాడు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే సీసా చుట్టూ చేరిన చోటు బెల్జియంలో ఉంది. వెస్ట్‌వ్లెటెరెన్ గ్రామంలోని సెయింట్ సిక్స్‌టస్ మఠం సన్యాసులు, ప్రపంచంలోకెల్లా గొప్పదని పేరుపడ్డ బీరును, తెలిసి తెలిసి చవకగా అమ్ముతారు.

ఈ మఠం పశ్చిమ ఫ్లాండర్స్‌లో ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో పొలాల మధ్య ఉంది. హాప్స్ తీగల సాగుకు పేరుబడ్డ పోపరింగె పట్టణం పక్కనే. 1831లో మఠం వెలిసింది, ఆ దశాబ్దం ముగిసేలోపే అక్కడ బీరు కాయడం మొదలైంది. ఇప్పుడు తయారయ్యేవి మూడే రకాలు: 5.8 శాతం ఆల్కహాల్ ఉన్న బ్లాండ్, 8 శాతం ఉన్న ‘8’, 10.2 శాతం ఉన్న ‘12’. పేరంతా ఈ మూడోదానిదే. ముదురు గోధుమ రంగు, బాగా కాగిన చక్కెర పాకం వాసన, సీసాలో కూడా ఆగకుండా మెల్లగా సాగే పులియడం దాని గుణాలు. చెక్క పెట్టెకు 24 సీసాలు. చాలాకాలం సీసాకు లేబులే అతికించలేదు. చట్టం అడిగిన వివరాలన్నీ ఇనుప మూత మీదే చిన్న అక్షరాల్లో అచ్చయి ఉండేవి. మూత పసుపు రంగుదైతే 12, నీలమైతే 8, ఆకుపచ్చదైతే బ్లాండ్. పెట్టెకూ సీసాలకూ విడిగా డిపాజిట్ కట్టాలి, ఖాళీవి తెచ్చిస్తే వాపసు. ధరలోకి ప్రకటనల ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు దాదాపు చేరవన్న సంగతి ఆ పెట్టెను చూస్తేనే తెలిసిపోతుంది.

ఏడాదికి తయారయ్యేది సుమారు 6 లక్షల లీటర్లు. పెద్ద కంపెనీల బ్రూవరీలు కొద్ది రోజుల్లో తీసే సరుకు అది. గిరాకీ ఎంత పెరిగినా మఠం ఈ లెక్కను పెద్దగా పెంచలేదు. కారణం వాళ్లు పాటించే నియమావళిలో ఉంది. ఆరో శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన ఆ నియమావళినే, ఈ మఠం చెందిన ట్రాపిస్టు శాఖ సన్యాసులు నేటికీ అనుసరిస్తారు. సన్యాసి తన చేతి కష్టంతో బతకాలని 48వ అధ్యాయం చెబుతుంది. పానీయానికి రోజువారీ కొలత పెట్టింది 40వ అధ్యాయం. మఠంలోని పనివాళ్ల గురించి చెప్పే 57వ అధ్యాయం ధర సంగతినే నేరుగా తేల్చింది: మఠం వస్తువులను బయటివాళ్లు అమ్మే ధరకన్నా కొంత తక్కువకే అమ్మాలి, ధరలోకి లోభం చొరబడకూడదు. ఈ మూడూ కలిపి చదివితే సన్యాసుల లెక్క అర్థమవుతుంది. మఠం నడవడానికి, దానధర్మాలకు ఎంత కావాలో అంత కాస్తారు. ప్రార్థనకు పోగా మిగిలిన వేళల్లోనే కాస్తారు.

2005లో బీరు ప్రియుల రేటింగుల్లో ‘12’ ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆ వార్త పత్రికలకెక్కగానే మఠం దారిలో కార్లు బారులు తీరాయి. సన్యాసులు ధర పెంచలేదు. ముందుగా ఫోన్ చేసి రోజు, వేళ ఖరారు చేసుకుని, కారు నంబరు చెప్పి, స్వయంగా వచ్చి తీసుకెళ్లే పద్ధతి పెట్టారు. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనాలంటే 60 రోజులు ఆగాల్సి ఉండేది. కొన్న సరుకును తిరిగి అమ్మకూడదన్నది షరతు. ఫోన్ పద్ధతి స్థానంలో 2019లో ఆన్‌లైన్ అమ్మకం వచ్చింది, షరతు మాత్రం మారలేదు. ఆ షరతు ఉన్నా, అంతకు ఏడాది ముందే 2018లో నెదర్లాండ్స్‌లోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థ ఎలాగో వేల సీసాలు సంపాదించి, ఒక్కోటి దాదాపు 10 యూరోలకు అమ్మకానికి పెట్టింది. అప్పట్లో మఠం దగ్గర అదే సీసా 2 యూరోల లోపే. న్యాయమైన ధర గురించిన వాదమంతా ఈ ఐదింతల తేడాలో ఉంది.

దీన్ని విప్పి చూపడానికి థామస్ అక్వినాస్ కన్నా మంచి గురువు దొరకడు. 13వ శతాబ్దంలో రాసిన ‘సుమ్మా థియోలాజికా’ రెండో భాగంలో, క్రయవిక్రయాల్లోని మోసం గురించిన ప్రశ్న కింద, అతడు ఈ చిక్కునే పట్టుకున్నాడు. అతడి వాదం ఇలా సాగుతుంది. కొనడం, అమ్మడం ఇద్దరి మేలు కోసం ఏర్పడ్డవి. అందువల్ల ఇచ్చిన దానికీ పుచ్చుకున్న దానికీ విలువలో సమానత ఉండాలి. ఆ సమానత తూచినట్టు ఖచ్చితంగా ఉండనక్కర్లేదు, కొంచెం అటూ ఇటూ అయితే న్యాయం చెడదు. వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవాడికి ప్రత్యేకంగా నష్టం కలిగితే, ఆ నష్టాన్ని ధరలో కలుపుకోవచ్చు. కొనేవాడికి ఆ వస్తువు వల్ల ప్రత్యేకమైన లాభం కలిగితే మాత్రం, దాన్ని చూసి ధర పెంచే హక్కు అమ్మేవాడికి లేదు. ఆ లాభం కొనేవాడి పరిస్థితి నుంచి పుట్టింది. అమ్మేవాడు దానికి వెలకడితే తనది కానిదాన్ని అమ్మినవాడవుతాడు. కొనేవాడు తన సంతోషం కొద్దీ పైన కొంత ఇస్తే అది వేరే సంగతి, అది అతడి మర్యాద.

ఇంత నిశితమైన గీత ఇంకెవరూ గీయలేదేమో. పది యూరోల సీసాను దీని ముందు నిలబెడితే లెక్క విడిపోతుంది. రెండు యూరోలలో మాల్ట్, హాప్స్, ఈస్ట్, పన్ను, సీసాలో పరిపక్వానికి వచ్చేదాకా వారాల తరబడి పట్టే నిల్వ, మఠం బతుకు అన్నీ ఉన్నాయి. సీసాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చినవాడి శ్రమ, రవాణా, దారిలో పగిలే ప్రమాదం కూడా ధరలో న్యాయంగా చేరతాయి. వస్తువు చోటు మారినప్పుడు, మోసేవాడు ప్రమాదానికి సిద్ధపడినప్పుడు ఎక్కువకు అమ్మవచ్చని అక్వినాసే ఒప్పుకున్నాడు. వాటికి మరో యూరో, ఇంకా ఉదారంగా లెక్కేస్తే రెండు యూరోలు పోవచ్చు. మిగిలినదంతా కొనేవాడి ఆరాటానికి కట్టిన వెల. దొరకదేమో అన్న భయం, నలుగురిలో చూపించుకోవాలన్న కోరిక సీసాలో లేవు, కొనేవాడి మనసులో ఉన్నాయి. పైగా ఆ సరుకు చేతికొచ్చింది తిరిగి అమ్మకూడదన్న మాట తప్పడం వల్ల. కాబట్టి ఇక్కడ అన్యాయం ధరతోనే ఆగడం లేదు.

దీనికి బలమైన ఎదురువాదం ఉంది, అదీ చర్చి లోపలి నుంచే వచ్చింది. ప్రకృతిలో వస్తువుల స్థాయి ఒకటి, అవసరాన్ని బట్టి మనుషులు కట్టే విలువ ఇంకొకటి అని అగస్టీన్ ఐదో శతాబ్దంలోనే గుర్తించాడు. ప్రాణమున్న ఎలుక ప్రాణం లేని రొట్టెకన్నా పై మెట్టుదైనా, ఇంట్లో ఉండాలని ఎవరైనా కోరుకునేది రొట్టెనే. 13వ శతాబ్దం చివర ఫ్రాన్సిస్కన్ సన్యాసి పీటర్ జాన్ ఒలీవి ఇంకో అడుగు ముందుకేశాడు. వస్తువు గుణం, దాని అరుదుతనం, అది మనసుకు ఎంత నచ్చుతుందన్న సంగతి, మూడూ కలిసి విలువను నిర్ణయిస్తాయన్నాడు. దాదాపు ఆరు శతాబ్దాల తర్వాత 1871లో కార్ల్ మెంగర్, విలియం స్టాన్లీ జెవన్స్ విడివిడిగా కట్టిన అర్థశాస్త్రానికి ఇది పూర్వరంగం. ఈ దారిలో చూస్తే, అందరికీ సరిపడా లేని బీరును రెండు యూరోలకు అమ్మడమే పొరపాటు. మిగిలిన ఎనిమిది యూరోలను సన్యాసులు వద్దంటే దారిలో కాచుకుని ఉన్నవాడు తీసుకుంటాడు. వాటితో మఠం పేదలకు అన్నం పెట్టవచ్చు కదా.

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ధర పెంచితే బీరు ఎవరికి చేరుతుందన్నది కూడా చూడాలి. తక్కువ ధరకు వంతులవారీగా అమ్మినప్పుడు డబ్బుకు బదులు ఓపిక, తీరిక ఖర్చవుతాయి. అవి పొరుగూరి రైతు దగ్గరా ఉంటాయి, దూరదేశపు సంపన్నుడి దగ్గరా ఉంటాయి. ధరను వేలంలా వదిలేస్తే సంపన్నుడికే వంతు. సన్యాసులు ఎంచుకున్న పద్ధతి లాభం దృష్టితో చూస్తే లోపభూయిష్ఠం, పొరుగువాడి దృష్టితో చూస్తే ఉదారం. మఠం వ్యాపార సంస్థ కాదు కాబట్టి ఈ రెండో దృష్టికే పెద్దపీట వేయడం సబబు.

అదే మఠం ఒకసారి ఎక్కువ ధర అడిగింది కూడా. భవనాల పునర్నిర్మాణానికి డబ్బు కావలసి వచ్చినప్పుడు, ఆరు సీసాలూ రెండు గ్లాసులూ ఉన్న ప్యాకెట్లను ఇటుకల రూపంలో తయారుచేసి, 2011 చివర్లో బెల్జియం దుకాణాల్లో 25 యూరోలకు అమ్మింది. సుమారు 93 వేల ప్యాకెట్లు తయారయ్యాయి. మరుసటి ఏడాది అమెరికాలో అదే ప్యాకెట్ దాదాపు 85 డాలర్లకు వచ్చింది. ఇది నియమావళికి విరుద్ధమా? కాదనే చెప్పాలి. ఆ అదనపు సొమ్ము దేనికి పోతుందో ముందే చెప్పారు, కొన్నవాళ్లు మఠం గోడకు ఇటుక ఇస్తున్నామని తెలిసే ఇచ్చారు. కొనేవాడు తనంతట తాను పైన ఇచ్చేది మర్యాద అని అక్వినాస్ అన్నది ఇలాంటి సొమ్మును గురించే.

సన్యాసుల ధరను కొలబద్దగా తీసుకుని ప్రతి చిన్న బ్రూవరీనీ తూచడం మాత్రం అన్యాయం. సన్యాసికి జీతం లేదు, పిల్లల చదువు లేదు, బ్యాంకు కిస్తీ లేదు. అప్పు తెచ్చి, నలుగురికి జీతాలిచ్చి, చిన్న పాత్రల్లో కొద్దికొద్దిగా కాచేవాడికి లీటరుకు పడే ఖర్చు పెద్ద కంపెనీకి పడేదానికి ఎన్నో రెట్లు. ఆ పనివాళ్ల బతుకు ధరలో ఉండటం న్యాయం. లాభానికి హద్దు గీయాలన్న ఆలోచన మన దేశంలోనూ పాతదే. కౌటిల్యుడి అర్థశాస్త్రం స్వదేశీ సరుకు మీద నూటికి ఐదు, పరదేశీ సరుకు మీద నూటికి పది లాభం అనుమతించింది. అసలు మద్యం వ్యాపారమే తగదన్న సంప్రదాయాలకు ఈ చర్చ మొదలే కాదు. గృహస్థులు చేయకూడదని బుద్ధుడు చెప్పిన ఐదు వ్యాపారాల్లో మత్తుపదార్థాల వ్యాపారం ఒకటి. తాగడం తప్పు కాదనుకునేవాళ్లకే ధర ప్రశ్న మిగులుతుంది.

వాళ్లకు అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ నాలుగో పుస్తకం దారి చూపుతుంది. దుబారాకూ పిసినారితనానికీ మధ్య ఉదారత ఉంటుంది, దాని కొలత ఇచ్చే మొత్తంలో కాక ఇచ్చేవాడి స్తోమతులో ఉంటుంది. ఒకే ధర ఒకరికి ఉదారత, ఇంకొకరికి ఇంటి ఖర్చులో కోత. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం దుకాణంలో సీసా ధర ముద్రించినదే కాబట్టి అక్కడ ఈ విచారణకు చోటు తక్కువ. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీకి వెళ్లినవాడు మాత్రం గ్లాసు ముందు దీన్ని ఎదుర్కొంటాడు. ఆ ధరలో బీరుతో పాటు స్థలం అద్దె, లైసెన్సు ఫీజు, సంగీతం, కూర్చునే సాయంత్రం కలిసి ఉంటాయి. ఆ సాయంత్రమే కావాలని వెళ్లినవాడు దానికి ఇవ్వడంలో తప్పులేదు. బీరు రుచి కోసమే వెళ్లినవాడు అందులో రుచికి పడే వంతెంతో విడిగా ఆలోచించుకోవాలి.

అలా విడదీసి చూసుకునే వీలు వెస్ట్‌వ్లెటెరెన్ కొనుగోలుదారుకు చక్కగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946 నుంచి 1992 దాకా, మఠం తన బీరును బయట అమ్మకానికి కాచే లైసెన్సును దగ్గర్లోని వాటౌ గ్రామంలో సెయింట్ బెర్నార్డస్ బ్రూవరీకి ఇచ్చింది. గడువు తీరాక ఆ బ్రూవరీ తన పేరుతో అదే కోవ బీరు కాస్తూ వచ్చింది. దాని ‘ఆబ్ట్ 12’ను మఠం ‘12’కు దగ్గరి చుట్టంగా బీరు ప్రియులు చెప్పుకుంటారు. అది వంతులూ షరతులూ లేకుండా మామూలు దుకాణాల్లో దొరుకుతుంది. రెండు గ్లాసుల్లో పక్కపక్కన పోసి, ఏది ఏదో తెలియకుండా తాగి చూస్తే, రుచిలో తేడా ఎంతన్నది నాలుకే చెబుతుంది. ఆ తేడాకు తన స్తోమతును బట్టి ఎంత కలిపి ఇవ్వాలన్నది కొనేవాడి ఇష్టం. తిరిగి అమ్మేవాడు అడిగే మిగతా మొత్తానికి బదులుగా గ్లాసులోకి వచ్చేది ఏమీ లేదు.