గేటు లేని వీధులు

నాటింగ్‌హామ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లను ఊరి నడిబొడ్డున ఉన్న వీధుల పేర్లు కాస్త తికమక పెడతాయి. వీలర్ గేట్, ఫ్లెచర్ గేట్, బ్రిడిల్‌స్మిత్ గేట్ అంటారు. వెదికితే గేటు ఒక్కటీ కనిపించదు. ఈ ‘గేట్’ తలుపు కాదు. వీధి అని అర్థమిచ్చే ‘గాటా’ అనే నార్స్ మాట. దాన్ని ఇక్కడికి తెచ్చినవారు డేనులు.

వారు అతిథులుగా రాలేదు. 867-68 చలికాలంలో దండెత్తి వచ్చి ఈ ఊరిని పట్టుకున్నారు. 877లో మెర్సియా రాజ్యంలో కొంత భాగం పంచుకుని, కత్తి పక్కన పెట్టి నాగలి పట్టారు. 918లో ఎడ్వర్డ్ రాజు ఊరిని గెలిచినప్పుడు వారిని తరిమివేయలేదు; ఇంగ్లీషువారినీ డేనులనూ కలిపి ఇక్కడ నిలిపాడని ఆనాటి వృత్తాంతం చెబుతోంది. కాని 1002లో ఎథెల్‌రెడ్ రాజు దేశంలోని డేనులందరినీ చంపమని ఆజ్ఞాపించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చర్చిలో తలదాచుకున్నవారిని చర్చితో సహా తగలబెట్టారు.

ఇంత జరిగినా ఇంగ్లీషు భాష వారి మాటలను వదలలేదు. వైద్యులమైన మాకు ఇవి రోజూ వినిపిస్తాయి. ఒంట్లో బాగాలేదని చెప్పే ‘ఇల్’, మాకు చూపించే ‘లెగ్’, ‘స్కిన్’ నార్స్ నుంచి వచ్చినవే. ‘ఎగ్’, ‘నైఫ్’, ‘హజ్బెండ్’ కూడా అంతే. ‘విండో’ అంటే ఆ భాషలో గాలికన్ను. మన గవాక్షం ఆవుకన్ను! ఇలాంటి మాటలు రాజశాసనాలతో రావు; వంటింట్లో, పొలం గట్టున, పెళ్లి సంబంధాలలో వస్తాయి. అన్నిటికన్నా విచిత్రం ‘దే’ అన్న మాట. ‘వాళ్లు’ మన ఊరిమీద వచ్చిపడ్డారని గొణిగేవాడి నోట్లో ఆ ‘వాళ్లు’ అన్న మాటే వచ్చినవాళ్లది. 1958 ఆగస్టులో ఇక్కడి సెయింట్ ఆన్స్‌లో తెల్లవారికీ కరీబియన్ దీవులవారికీ కొట్లాటలు జరిగిననాడు కూడా అనడానికి ఇంగ్లీషులో ఆ మాట తప్ప మరొకటి లేదు.

అయితే ఇది చూసి మురిసిపోవాలా? మాటలు మిగిలాయి, భాష మిగలలేదు. ఇక్కడి డేనుల ఇళ్లలో నార్స్ ఏనాడో ఆగిపోయింది. మన రోజు, కాగితం, ఖర్చు పారశీకం నుంచి వచ్చాయి. అంతమాత్రాన మన పల్లెల్లో పారశీకం బతికి ఉన్నట్టా?

ఇక్కడివాళ్లతో కలిస్తే పిల్లలకు తెలుగు పోతుందని మనలో కొందరంటారు. కలిసిపోతే చాలు, తెలుగెందుకని మరికొందరు. రెండు పక్షాలూ రెండు వేరు పనులను ఒకటిగా చూస్తున్నాయని మాకు తోస్తుంది. పొరుగువారితో కలవడం వీధి తలుపు దగ్గరి పని. తలుపు మూసినంత మాత్రాన తెలుగు నిలవదు. మూసిన తలుపు వెనక టీవీ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. భాష నిలవడం అన్నం దగ్గరి పని. డేనుల భాష పొరుగువారితో కలిసినందువల్లనే పోలేదు. తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడడం మానినందువల్ల పోయింది. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. పిల్లలు క్షేమంగా బతికితే చాలునని అనుకుని ఉంటారు. మనకు అంత భయం లేదు కనుక ఆ సాకూ లేదు.

మన మాటల్లో ఏది ఈ ఊళ్లో మిగలాలో పొరుగువారు తేలుస్తారు. మన భాష మిగలాలో వద్దో మాత్రం రోజూ రాత్రి భోజనాల దగ్గర మనమే తేల్చుకోవాలి.