కలిసిపోవడం ఎవరి బాకీ?

జనజీవన స్రవంతిలో కలవమని మాకు చెప్పనివాళ్ళు లేరు. బళ్ళో మేష్టారు చెప్పాడు. ఎన్నికల సభలో నాయకుడు చెప్పాడు. పత్రికాఫీసులో ఇరానీ చాయ్ తాగుతూ మంచి మనసున్న మిత్రులూ చెప్పారు. ఇల్లు అద్దెకివ్వనన్న పెద్దమనిషి కూడా, ఇవ్వననే ముందు, ఆ మాటే చెప్పాడు. మీ భాష మీది, మీ తిండి మీది, మీ బస్తీ మీది, మీరు కలవరు అని. వినీవినీ మాలో ఒక ప్రశ్న ముదిరిపోయింది. కలవడం నిజంగా ఒక ధర్మమేనా? ధర్మమైతే అందరికీ వర్తించాలి గదా! వర్తిస్తోందో లేదో మన గొడవల దుమ్ము పడని చోట చూద్దాం. స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంతె జిల్లాలో.

మధ్యధరా సముద్రం ఒడ్డున దేనియా, హావియా, బెనిదోర్మ్, తొర్రెవియెహా అని వరసగా ఊళ్ళున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ. ఆ ఎండ కోసమే ఇంగ్లండులో పనిచేసి రిటైరైనవాళ్ళు అరవై ఏళ్ళుగా అక్కడికి వస్తున్నారు. వాళ్ళలో పోస్టుమాన్లున్నారు, నర్సులున్నారు, టీచర్లున్నారు, ఉన్న ఇల్లు అమ్ముకుని ఇక్కడ చిన్న ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి దంపతులున్నారు. స్పెయిన్ మొత్తంలో లెక్కకెక్కిన బ్రిటిష్ వాళ్ళే రెండున్నర లక్షలు దాటతారు. సాన్ ఫుల్హెన్సియో అనే చిన్న ఊళ్ళో అయితే స్పానిష్ వాళ్ళకన్నా పరదేశీయులే ఎక్కువ.

వాళ్ళ రోజు ఎలా గడుస్తుంది? ఎండ ముదరకముందే నడక. తర్వాత ఇంగ్లీషు కేఫులో గుడ్లు, సాసేజీలు, బీన్స్ తో నాష్తా, అక్కడే అచ్చయ్యే ఇంగ్లీషు వారపత్రిక. వారానికి రెండుమూడు రోజులు తెల్లబట్టలు తొడుక్కుని బౌల్స్ ఆట. పచ్చటి తివాచీ మీద బరువైన బంతిని మెల్లగా దొర్లించడమే ఆ ఆట. మోకాళ్ళు అరిగినవాళ్ళు కూడా ఆడగలరు. 'యూనివర్సిటీ ఆఫ్ ది థర్డ్ ఏజ్' అని ఒక ఏర్పాటుంది. 1973లో ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో పుట్టిన ఆలోచన అది. ఈ తీరంలో ఊరూరా దాని శాఖలు పెట్టుకున్నారు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. ఒకాయన చరిత్ర చెప్తాడు, ఒకావిడ బొమ్మలు గియ్యడం నేర్పుతుంది, పదిమంది కలిసి కొండెక్కుతారు. పాత బట్టలు, పుస్తకాలు అమ్మే ధర్మదుకాణాల్లో వంతులవారీగా కూచుంటారు. ఆ డబ్బు కాన్సరు రోగులకో దిక్కులేని కుక్కలకో పోతుంది. మొగుడు పోయిన ఆవిడ ఇంటి తలుపు రెండ్రోజులు తెరుచుకోకపోతే క్లబ్బువాళ్ళు వచ్చి తట్టి చూస్తారు. ఇంత చక్కగా ముసలితనం గడపొచ్చా అని మాకు అసూయ కలిగిన మాట నిజం.

అయితే ఈ రోజంతటిలో స్పానిష్ వాళ్ళేరీ? ఓలా, గ్రాసియాస్, ఒక బీరు, బిల్లు. చాలామంది దగ్గరున్న స్పానిష్ ఇంతే. భోజనం వేళలూ కలవవు. స్థానికులు మధ్యాహ్నం రెండు దాటాక తిని, రాత్రి తొమ్మిది పదికి గాని కూచోరు. వీళ్ళు సాయంత్రం ఆరింటికే తినేసి ఇంగ్లండు టీవీ పెట్టుకుంటారు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన బతికి ఒక్క పూట ఒక బల్ల దగ్గర కూచోనివాళ్ళు ఉండటానికి ద్వేషమేమీ అక్కర్లేదు, గడియారం చాలు.

ఎగతాళికి ఈ మాట రాయడం లేదు. ముసలితనంలో భాష ఎంత పని చేస్తుందో మా ఇళ్ళల్లో చూశాం. జీవితమంతా తెలుగులో బేరాలాడి, తెలుగులో కోర్టు కాగితాలు రాయించిన పెద్దలు పక్షవాతం వచ్చి మంచానపడ్డాక చిన్ననాటి ఉర్దూలోనే నీళ్ళడిగారు. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, అమ్మ నోటి భాష చివరిదాకా ఉంటుంది. మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్ళలో ఇది డాక్టర్లు ఎరిగిన సంగతే. అలాంటి మనిషిని పట్టుకుని డెబ్బయ్యో ఏట కొత్త భాష నేర్చుకో, కొత్త వేళకి తిను, మాలో కలువు అనడం క్రూరత్వం. ఇంగ్లీషు మాట, ఇంగ్లీషు టీ, ఇంగ్లీషు పాట వాళ్ళకి మందు లాంటివి. వాళ్ళ విడి బతుకులో మాకు తప్పేమీ కనిపించలేదు.

మా పేచీ వేరే. అదే దేశంలో, అదే ఎండలో, మొరాకో వాళ్ళున్నారు. స్పెయిన్‌లో ఉన్న విదేశీయుల్లో అందరికన్నా ఎక్కువమంది వాళ్ళే. ప్లాస్టిక్ కప్పుల కింద టమాటాలు, మిరపకాయలు కోసేది వాళ్ళు. బ్రిటిష్ పెద్దాయన పొద్దున తినే టమాటా ఆ చేతుల మీదుగానే వస్తుంది. మరి పేర్లు చూడండి. పెద్దాయన 'ఎక్స్‌పాట్', కోసినవాడు 'వలసగాడు'. ఇద్దరూ దేశం దాటి వచ్చినవాళ్ళే. ఇద్దరూ తమ భాష మాట్లాడుకుంటారు, తమ దుకాణంలో కొనుక్కుంటారు, తమవాళ్ళ పక్కన ఇల్లు చూసుకుంటారు. కలవడం లేదన్న ఫిర్యాదు మాత్రం రెండోవాడి మీదే. 2000 ఫిబ్రవరిలో ఎల్ ఎహిదోలో మొరాకో కూలీల ఇళ్ళ మీదా దుకాణాల మీదా మూకలు పడ్డాయి. 2025లో ముర్సియా ప్రాంతంలోని హుమీయా పట్టణ కౌన్సిలు, తన క్రీడాప్రాంగణాల్లో బయటి సాంస్కృతిక, మత వేడుకలు జరగకూడదన్న తీర్మానానికి ఒప్పుకుంది. అక్కడ జరుగుతున్నవి ఈద్ నమాజులు. ఈద్గా చాలక మైదానంలో చాపలు పరచుకోవడం, దాని మీద రగడ, మన పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు.

వాళ్ళు డబ్బు తెచ్చి ఖర్చు పెడతారు, వీళ్ళు సంపాదించడానికి వచ్చారు, అదే తేడా అంటారు. అవును, అదే తేడా. పనిచెయ్యకుండా స్పెయిన్‌లో ఉండటానికి ఒక వీసా ఉంది. 2024 లెక్కన నెలకి 2,400 యూరోల రాబడి చూపిస్తే చాలు, స్పానిష్ వచ్చా అని అడగరు. అంటే కలవడం ధర్మం కాదు, సుంకం. డబ్బున్నవాడికి మాఫీ. మరి ఆ మాటే చెప్పొచ్చుగా, సంస్కృతి పేరెందుకు?

ఈ తీరంలోనే వెనక ఏం జరిగిందో కూడా చూడాలి. బెనిదోర్మ్, బెనిస్సా లాంటి పేర్ల ముందున్న 'బెని' అరబీ మాట, ఫలానావాళ్ళ సంతానం అని. దేనియా ఒకప్పటి దానియా. చేలకి నీళ్ళు తెచ్చే కాలవని స్పానిష్‌లో 'అసెకియా' అంటారు, అది మన 'సాఖీ'కి చుట్టమైన 'సాఖియా'. ఇలాంటి చోట మావాళ్ళలో కొందరు పోయిన వైభవానికి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఇక్బాల్ 1933లో కొర్దోబా మసీదు చూసొచ్చి రాసిన కవిత్వం దగ్గర్నుంచీ అదొక అలవాటు. మాకు సుల్తానుల మీద బెంగలేదు. చేలు దున్నినవాళ్ళ సంగతే కావాలి.

1492లో గ్రనాదా పడిపోయాక అక్కడి ముస్లిములకి కలవమన్నారు. బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. 1567లో అక్కడే అరబీ మాట్లాడకూడదు, ఆ బట్టలు కట్టకూడదు, హమ్మాముల్లో స్నానం చెయ్యకూడదు అని శాసనం చేశారు. వలెన్సియా సీమవాళ్ళకి 1520లలో బాప్తిస్మమైంది. కాగితం మీద ఎనభై ఏళ్ళుగా క్రైస్తవులు. అంతకన్నా ఏం కలవాలి? అయినా 1609 సెప్టెంబరులో వెళ్ళగొట్టే శాసనం వచ్చింది. ఒక్క వలెన్సియా నుంచే లక్షమందికి పైగా పోయారు. ఓడలెక్కించిన రేవుల్లో దేనియా ఒకటి. ఆ శాసనంలో ఒక చిత్రమైన షరతుంది. నూటికి ఆరు కుటుంబాలు ఉండిపోవచ్చు. ఎందుకు? చెరకు గానుగలు, వరిచేలు, నీటి కాలవల పని కొత్తగా వచ్చేవాళ్ళకి నేర్పడానికి. మనిషి అక్కర్లేదు, పనితనం కావాలి. ఇప్పుడు అక్కడ ఎండాకాలంలో మూరులు, క్రైస్తవులు అని వేషాలు కట్టి యుద్ధం ఆడతారు. తుపాకి మందు పేలుతుంది, బాజాలు మోగుతాయి. చివరికి మూరులే ఓడాలి. రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకుని రిటైరైన దొరలు ఫోటోలు తీసుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, బాగానే ఉంటుంది చూడటానికి.

ఆ దొరలకీ ఒక చలిగాలి తగిలింది. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదలాలని ఓటేసింది, 2020 డిసెంబరు 31తో గడువు తీరింది. అప్పటిదాకా ఇల్లుండి పేరు రాయించుకోనివాళ్ళు ఆర్నెల్లలో తొంభై రోజులకి మించి ఉండటానికి లేదు. ఉన్నవాళ్ళు కార్డుల కోసం వరసల్లో నిలబడ్డారు, వేలిముద్రలు ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఇదే నా ఇల్లు అనుకున్న ముసలావిడ, ఎప్పట్నుంచి ఉంటున్నావో రుజువు చూపించు అని గుమాస్తా అడిగితే పాత కరెంటు బిల్లులు వెతుక్కుంది. నవ్వుకుందామంటే మాకు నవ్వు రాలేదు. 2019 చివర మా మొహల్లాల్లో ట్రంకుపెట్టెలు దింపి తాతల నాటి కాగితాలు వెతికిన రాత్రులు మాకు గుర్తే. రేపు ఎక్కడుంటామో కాగితం చెప్తుందన్న భయం డెబ్బయ్యేళ్ళవాళ్ళకి ఏ దేశంలోనూ రాకూడదు.

ఇప్పుడు మావాళ్ళ వైపు తిరగాలి. నిజామాబాదు, కరీంనగర్, కడప జిల్లాల నుంచి, పాతబస్తీ నుంచి జెద్దా, దుబాయి, కువైట్ వెళ్ళి ముప్ఫయ్యేళ్ళు అక్కడే గడిపినవాళ్ళున్నారు. హిందువులూ ముస్లిములూ అందరూ. వాళ్ళని కలవమని ఎవరూ అడగలేదు. ఉండిపోతారన్న ఊహే లేనప్పుడు కలవమని ఎవరడుగుతారు? ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇఖామా. కఫీల్ సంతకం ఆగితే విమానం టికెట్టు. అరబీలో కలలు కనేంతగా ఆ ఊరివాడైపోయినా అరవై దాటాక అతనికి అక్కడ ముసలితనం లేదు. షుగరు, బీపీ, రెండు సూట్‌కేసులతో దిగుతాడు. దుబాయి 2020లో యాభై అయిదు దాటినవాళ్ళకి రిటైర్‌మెంటు వీసా పెట్టింది. దానికీ ఆస్తో, బాంకు నిల్వో, పెద్ద రాబడో చూపించాలి. మేస్త్రీ చూపించలేడు. ఉమ్మత్ అంతా ఒకటే అని జుమ్మా ఖుత్బాలో వింటాం. కఫీల్ ముందు మా కల్మా ఏనాడు పనికొచ్చింది? ఇది మేమే అడుక్కోవాల్సిన ప్రశ్న, వేరేవాళ్ళు అడిగితే మాకు కోపమొస్తుంది గనక.

మన బార్కస్ ఉంది. నిజాము పటాలంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిల బస్తీ. ముసలివాళ్ళై ఇక్కడే ఉండిపోయారు, లుంగీ మానలేదు, వాళ్ళ తిండి మానలేదు. 1948 పోలీసు చర్య తర్వాత అరబ్బుల్లో చాలామందిని నిర్బంధించారు, ఎందరినో తిప్పి పంపారు. మిగిలినవాళ్ళ వంటే ఇప్పుడు ఊరంతా మండీ అని పెద్ద పళ్ళెం చుట్టూ కూచుని తింటోంది. స్రవంతి ఎవరి వైపు పారిందో చెప్పండి.

చివరికి మట్టి దగ్గరా ఇదే గొడవ. మలాగాలో ఇంగ్లీషు శ్మశానం 1831లో ఏర్పడింది. అంతకుముందు అక్కడ చచ్చిపోయిన ప్రొటెస్టెంటుకి కాథలిక్కుల శ్మశానంలో చోటులేదు. రాత్రిపూట సముద్రం ఒడ్డుకి తీసుకుపోయి ఇసకలో పాతేవారట. బ్రిటిష్ కాన్సలు విలియం మార్క్ ఏళ్ళ తరబడి తిరిగితే ఆ స్థలం దక్కింది. ముస్లిములకి శ్మశానాల్లో తమ ఆచారంగా ఖననం చేసుకునే హక్కుని స్పెయిన్ 1992 చట్టంలో రాసింది, అయినా చాలా ఊళ్ళలో ఖబరుకి చోటు చాలదు. టమాటాలు కోసిన మొరాకో ముసలివాళ్ళలో చాలామంది జనాజాలు ఇప్పటికీ జలసంధి దాటి సొంత ఊరికి పోతున్నాయి. అది పద్నాలుగు కిలోమీటర్ల నీళ్ళు. దాని ఖర్చు కోసం బతికుండగానే నెలనెలా కొంత కట్టుకుంటూ ఉంటారు.